మూకుడుకీ మోకాలికీ

పేరిందేవి చేతి బూరెలు లేని పెళ్ళిని ఆ గోదారి లంక గ్రామాల్లో ఎవరూ పెళ్ళిగా లెక్కపెట్టేవారు కాదు. నేలలో తవ్విన గాడిపొయ్యి ముందు చిల్లుల గరిటె పట్టుకుని ఆవిడ అజమాయిషీ చేస్తుంటే పెళ్ళికొడుకు తండ్రి కూడా కాస్త దూరంగా నిలబడి మాట్లాడేవాడు. అలాంటి మనిషికి మోకాళ్ళు రెండూ ఒక్కసారే చేతులెత్తేశాయి. నిలబడితే కూర్చోలేదు, కూర్చుంటే లేవలేదు. కుర్చీ వేసుకుని కూర్చుని వంట చేయించమని అందరూ సలహా ఇచ్చారు. ఒక పెళ్ళికి అలాగే చేయించింది. బూరెలన్నీ నూనెలో పేలిపోయాయి. కుర్చీలోంచి అరిస్తే పూర్ణానికి వినపడదని ఆవిడకి ఆ రోజే అర్థమైంది.

బయట ఆపరేషను చేయించుకునే తాహతు లేదు కనక, తోటికోడలు గంగరత్నాన్ని తోడు తీసుకుని జిల్లా ఎముకల ఆసుపత్రిలో చేరింది. ముందు కుడి మోకాలు మారుస్తాననీ, అది కుదుటపడ్డాక ఎడమది చూద్దామనీ డాక్టరు మురారి చెప్పాడు. ఆయన హస్తవాసి మంచిదే. కాకపోతే కత్తితో కోయడమే తప్ప నోటితో కోతలు కోయడం రాదు. మాస్కు లేకపోయినా మాస్కులోంచి మాట్లాడినట్టే మాట్లాడతాడు.

సరిగ్గా అదే వారంలో ఆసుపత్రికి బరువు కొలిచే సెన్సరు వచ్చింది.

చూడ్డానికి అరచేతిలో పట్టే బిళ్ళ. మోకాలి దగ్గర ఎముకల చివర్లు కోసి లోహపు తొడుగులు తొడిగాక, రెంటి మధ్యా ఈ బిళ్ళను కాసేపు పెడతారు. మోకాలికి లోపలి పక్క ఎంత బరువు పడుతోందో, బయటి పక్క ఎంత పడుతోందో అది లెక్కకట్టి చెబుతుంది. ఒక పక్క మరీ బిగుతుగా ఉంటే డాక్టరు ఆ పక్క లిగమెంటును కొంచెం సడలిస్తాడు. రెండు పక్కలా సరిపోయాక బిళ్ళ తీసేసి, అసలు ప్లాస్టిక్ ముక్క పెట్టి కుట్టేస్తాడు. అంతే, అందులో మాయా లేదు, మర్మమూ లేదు. నిజానికి మంచి వస్తువు. అది నోరు విప్పకుండా ఉంటే ఈ కథే ఉండేది కాదు.

ఆసుపత్రుల్లో యంత్రాలు తెలుగులోనే మాట్లాడాలని ఆ మధ్య ఒక ఉత్తర్వు వచ్చింది. ఎక్కడో ఒక పండితుణ్ణి కూర్చోబెట్టి బిళ్ళ మాటలన్నీ తెలుగు చేయించారు. ఆయనకి మాటలు చూపించారు గానీ మోకాలు చూపించలేదు.

ఆసుపత్రి ముఖ్య పరిపాలనాధికారి చిదంబరంగారు. ఆయన అంతకుముందు చేపల చెరువులు చూసేవారు. అక్కడ ఫలితాలు బ్రహ్మాండంగా చూపించారని పేరు. చేపల్ని చూపించారో లేదో ఎవరూ అడగలేదు. యంత్రం ప్రారంభోత్సవానికి ఆయన వరండాలో షామియానా వేయించి, ఆపరేషను గదిలో మైకు, వరండాలో లౌడుస్పీకరు పెట్టించారు. యంత్రం పలికే తొలి తెలుగు పలుకు ప్రజలంతా వినాలని ఆయన కోరిక. లౌడుస్పీకరు కింద బెంచీ ఖాళీగా ఉందని గంగరత్నం అక్కడే కూర్చుంది.

లోపల పేరిందేవికి నడుముకి మత్తు సూది వేశారు. నడుము కింద లోకం లేకుండా పోయింది గానీ, పైన మాత్రం మనిషి పూర్తిగా ఉంది. మధ్యలో ఆకుపచ్చ గుడ్డ కట్టారు. గుడ్డకవతల చాలాసేపు టకటకా చప్పుళ్ళయ్యాయి. ఎవరో వంటపాత్రలు సర్దుతున్నారనుకుని పేరిందేవి కళ్ళు మూసుకుంది.

"లోపలి భారము ఎక్కువగా ఉన్నది. తగ్గించండి" అంది ఒక ఆడగొంతు, రేడియోలో వార్తలు చదివినట్టు.

పేరిందేవి కళ్ళు తెరిచింది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ్ని ఆ మాట అడిగినవాళ్ళు లేరు.

"ఆయ్, ఉందండి. మీకెలా తెల్సిందండీ?" అంది.

"లోపలి భారము ఎక్కువగా ఉన్నది. తగ్గించండి."

"తగ్గించుకోమంటే చెప్పేత్తానండి. మా తోటికోడలు గంగరత్నం లేదండీ, నా బూరెల మూకుడు అట్టుకెల్లిందండి. ఆళ్ళ పుట్టింటోళ్ళ గృహప్రవేశమని అట్టుకెల్లి, ఇయ్యలేదండి. ఇయ్యకపోతే పోయె, ఆ మూకుడు అదే కొనుక్కున్నట్టు నలుగురికీ చూపిత్తాదండి. నేనేమో ఇంకో మూకుట్లో ఏపుకుంటన్నా. ఎవరికి చెప్పుకోనండీ? చెప్తే మూకుడు కోసం ఏడుత్తందంటారు."

గుడ్డకవతల మురారి, "సిస్టర్, లోపలి పక్క కొంచెం సడలిస్తున్నాను" అని గొణిగి, కత్తి మొన ఆనించాడు. ఆ గొణుగుడు పేరిందేవికి వినపడింది గానీ మైకుదాకా పోలేదు.

"భారము సమానము. ధన్యవాదములు" అంది యంత్రం.

వరండాలో లౌడుస్పీకరు ఈ సంభాషణంతా మురారి ముక్క ఒక్కటి తప్ప పొల్లుపోకుండా వినిపించింది. యంత్రం అడిగింది, రోగి చెప్పుకుంది, యంత్రం తృప్తిపడింది. చిదంబరంగారు కుర్చీలోంచి మెల్లగా లేచి నిలబడ్డారు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"ఇన్నాళ్ళూ మనం మోకాళ్ళను మాత్రమే చూశాం. మోకాలి వెనకనున్న మనిషిని ఇవాళ యంత్రం చూసింది" అన్నారు.

షామియానా కింద అందరూ చప్పట్లు కొట్టారు. గంగరత్నం మాత్రం లేచి విసవిసా బస్టాండుకి వెళ్ళింది. సాయంత్రానికి మూకుడుతో తిరిగొచ్చి, పేరిందేవి మంచం కింద అది దభీమని పడేసింది.

"ఇదిగో నీ భారం! లౌడుస్పీకర్లో చెప్పాలా అక్కా? నన్నడిగితే ఇచ్చేదాన్ని కాదా?"

"అడిగానే!"

"గట్టిగా అడిగావా?"

మర్నాడు మురారి చిదంబరంగారి గదికి వెళ్ళాడు.

"సార్, చిన్న పొరపాటు జరిగిందండి. లోపలి భారం అంటే మోకాలికి లోపలి పక్క పడే బరువండి."

"మేమూ అదే అంటున్నాం డాక్టరుగారూ. లోపలి బరువు."

"మనసులోది కాదండి. కాలిలోది."

"అది మీ వృత్తిపరమైన పరిమితి" అన్నారు చిదంబరంగారు జాలిగా. "పరిపాలనలో ఉన్నవాళ్ళం మేం మనిషిని సమగ్రంగా దర్శించాలి. ఆవిడ మూకుడు అంది, యంత్రం సమానం అంది. మధ్యలో మీరేం చేశారు?"

"సడలించానండి."

"గుండెను సడలించింది ఆవిడ. మీరు సహకరించారు. అందుకు కార్యాలయం తరఫున మీకు ప్రశంస."

మురారి ఇంకేదో అన్నాడు గానీ అది మీసం దాటలేదు.

వారం తిరక్కుండా 'అంతర్భార విమోచన పథకం' అమల్లోకి వచ్చింది. మోకాలి శస్త్రచికిత్స కోరే ప్రతి వ్యక్తీ ముందుగా భార పరిశీలక సంఘం ముందు హాజరై, తనకు లోపలి భారం కలదని నిరూపించుకోవలెను. శస్త్రచికిత్స సమయంలో యంత్రం అడిగినప్పుడు సదరు భారాన్ని బిగ్గరగా ప్రకటించవలెను. ప్రకటించు సమయంలో సిబ్బంది అడ్డు చెప్పరాదు, ఖండించరాదు, నవ్వరాదు. భారం లేనివారికి మోకాలి సమస్య ఉండజాలదు కనుక వారిని ఇంటికి పంపవలెను. ఇవీ నిబంధనలు. వరండాలో పేరిందేవి ఫోటో కట్టించి, కింద 'తొలి భార విముక్త మోకాలు' అని రాయించారు. ఆవిడ మెళ్ళో దండ వేసి పత్రికలవాళ్ళ ముందు నడిపించారు.

పేరిందేవికి అసలు సంగతి తెలియకపోలేదు. మురారి గొణుగుడు చెవిన పడనే పడింది. ఒంటరిగా ఉన్నప్పుడు ఆయన్నే అడిగేసింది కూడా.

"డాక్టరు బాబూ, నా మూకుడు వల్ల కాదు కదండీ?"

"కాదమ్మా. చెప్పి చెప్పి అలిసిపోయాను. వాళ్ళు మాట్లాడిస్తున్నారు, నేను కోసుకుంటున్నాను. మోకాళ్ళు బాగవుతున్నాయి కదా, పోనివ్వండి."

పోనిచ్చింది. దండ మెళ్ళో పడ్డాక కాదనడం ఎవరికైనా కష్టమే. పైగా ఊళ్ళో జనం ఆవిడ ఫోటో చూసి వస్తున్నారు. బూరెలు ఎంత బాగా చేసినా ఎవరూ ఫోటో కట్టించలేదు.

పథకం జోరుగా సాగింది. అన్నదమ్ముల తగువులు, అల్లుళ్ళ అలకలు, పక్కింటి వాడి గోడ, అన్నీ లౌడుస్పీకరులో పడ్డాయి. సాయంత్రం వరండాలో కూర్చోవడానికి ఊళ్ళోంచి పనిగట్టుకుని వచ్చేవాళ్ళు. భారం పెద్దగా లేనివాళ్ళ కోసం గేటు బయట అర్జీలు రాసే ఒకాయన తయారు భారాలు కూడా రాసివ్వసాగాడు. అయితే ఆయన దగ్గర సరుకు తక్కువ. ఒకే వారంలో వేరువేరు ఊళ్ళవాళ్ళు తమ పాలి నుయ్యి ఒకే అన్నయ్య ఆక్రమించాడని చెప్పారు. చిదంబరంగారు ఆ అన్నయ్యమీద కేసు పెట్టమని పోలీసులకి రాశారు.

ఇంతలో పేరిందేవి ఎడమ మోకాలి వంతు వచ్చింది. కుడికాలు నిటారుగా నిలబడుతోంది, ఎడమకాలు వంకరగా వాలిపోతోంది. నడిస్తే ఒక కాలు పెళ్ళికీ, రెండోది పరామర్శకీ బయల్దేరినట్టుండేది. మాఘమాసంలో లంకల్లో వరసగా పెళ్ళిళ్ళున్నాయి. అప్పటికి గాడిపొయ్యి ముందు రెండు కాళ్ళమీద నిలబడకపోతే, చిల్లుల గరిటె ఇంకొకరి చేతిలోకి వెళ్ళిపోతుంది. వెళ్ళిందంటే మళ్ళీ రాదు. ఆ భయంతో ఆవిడకి ముద్ద దిగడం లేదు.

గంగరత్నాన్ని వెంటబెట్టుకుని పరిశీలక సంఘం ముందుకెళ్ళింది. బల్లకవతల చిదంబరంగారు, ఆయనకి అటూ ఇటూ తలూపడానికి ఇద్దరు సభ్యులు ఉన్నారు.

"కుడి మోకాలి సందర్భంగా మీరు ప్రకటించిన భారం మూకుడు. అవునా?"

"ఆయ్."

"సదరు మూకుడు ప్రస్తుతం ఎవరి స్వాధీనంలో ఉన్నది?"

"నాకాడే ఉందండి. ఆ రోజే తెచ్చి పడేసిందండి."

"అనగా భారం పరిష్కృతమైనది. పరిష్కృత భారాన్ని మరొక మోకాలికి వర్తింపజేయుటకు నిబంధనలు అంగీకరించవు. నూతన భారం ఏమైనా కలదా?"

గుమ్మం దగ్గరనుంచి గంగరత్నం అందుకుంది. "పోనీ మూకుడు మళ్ళీ అట్టుకెల్లిపోమంటారా అండీ? ఇప్పుడే ఎల్లిపోతాను."

"కృత్రిమ భారం. యంత్రం పసిగడుతుంది" అన్నారు చిదంబరంగారు. సభ్యులు తలూపారు.

పేరిందేవి ఆలోచనలో పడింది. మొగుడు నెమ్మదస్తుడు, పొద్దున్నే కాఫీ ఆయనే కలిపిస్తాడు. కొడుకు ఊళ్ళోనే కొబ్బరికాయల వ్యాపారం చేసుకుంటున్నాడు. కోడలు ఎదురు మాట్లాడదు. సుఖంగా బతకడంలో ఇంత నష్టముందని ఆవిడ ఎన్నడూ అనుకోలేదు.

"కాసేపు ఆలోచించుకుని వత్తానండి" అని వరండాలోకి వచ్చి, తన ఫోటో ఎదురుగా బెంచీ మీద చతికిలబడింది.

పక్కన ఒక పెద్దాయన కూర్చుని ఫోటోకేసీ, ఆవిడకేసీ మార్చి మార్చి చూస్తున్నాడు. రేవులో జనాన్ని గోదారి దాటించే పంటు మీద టిక్కెట్లు చింపే వీర్రాఘవులు. ఎప్పుడు చూసినా నవ్వుమొహమే.

"ఆ ఫోటోలో ఉంది మీరేనా అమ్మా? అదృష్టవంతులు. మీకు భారం ఉంది."

"మీకు లేదా అన్నయ్యా?"

"ఎతికానమ్మా, దొరకలేదు. మా ఇంటిదీ నేనూ ఎప్పుడూ పోట్లాడుకోలేదు. గోదారి చూసుకుంటా బతికేశాను. భారం నిల్ అని రాసి పంపేశారు. అది చూసి నాకు ఏడుపొచ్చేసింది. ఏడిత్తే సంబరపడి లోపలికి పిల్చారు. మళ్ళీ, ఆసుపత్రి వల్ల కలిగిన భారం చెల్లదని పంపేశారు. నెలకోసారి వత్తానే ఉన్నాను. ఇన్నాళ్ళూ హాయిగా ఉండటం నాదే తప్పేమో."

అలా అంటూ కూడా నవ్వాడు. నవ్వుతూనే లేచి, కర్ర పట్టుకుని మెట్లదాకా పోయాడు. అక్కడ కర్ర పక్కన పెట్టి, మెట్టుమీద కూర్చుని, కింది మెట్టుమీదకి జారి, మళ్ళీ కూర్చుని, అలా ఒక్కో మెట్టే కూర్చుంటూ దిగాడు. దిగినవాడు దిగినట్టే వెనక్కి తిరిగి ఆవిడకి చెయ్యి ఊపాడు.

పేరిందేవికి తన ఫోటో కేసి చూస్తే సిగ్గేసింది. ఆ ఫోటోలో దండ వేసుకుని నవ్వుతున్న మనిషి ఒక్క మాట చెప్పి ఉంటే, ఈ పెద్దాయన మెట్లు నిలబడి దిగేవాడు. తను చెప్పలేదు. దండ బాగుందని ఊరుకుంది. అలా అనుకుంటూ ఉండగా ఆవిడకి గుండెలమీద ఏదో పెట్టినట్టు బరువు తెలిసింది. చెయ్యి వేసి చూసుకుంది. సందేహం లేదు, ఇది భారమే.

కుంటుకుంటూ లోపలికి వెళ్ళింది.

"దొరికిందండి. చాలా పెద్దది. కానీ ఇక్కడ చెప్పనండి. ఆపరేషను బల్ల మీదే చెప్తాను."

చిదంబరంగారి మొహం వెలిగింది. "ముందే వ్యక్తం చేస్తే తీవ్రత తగ్గుతుందని వీరికి అవగాహన ఉంది. అనుభవజ్ఞులు. అనుమతించడమైనది."

ఆ ఆపరేషను రోజున రాజధాని నుంచి పరిశీలకుల బృందం వచ్చింది. పథకాన్ని రాష్ట్రమంతా పెట్టాలా వద్దా అన్నది వాళ్ళు తేల్చాలి. వరండాలో మళ్ళీ షామియానా వేశారు. తొలి భార విముక్త మోకాలే మలి మోకాలికి కూడా వస్తోందని చిదంబరంగారు ముందే ప్రచారం చేశారు. లౌడుస్పీకరు కింద బెంచీ మీద గంగరత్నం, ఆవిడ పక్కన వీర్రాఘవులు కూర్చున్నారు. గంగరత్నం ఒళ్ళో మూకుడు ఉంది. అవసరమైతే ఎత్తుకుపోవడానికి సిద్ధంగా తెచ్చుకుంది.

లోపల ఆకుపచ్చ గుడ్డకవతల టకటకలు ఆగాయి.

"లోపలి భారము ఎక్కువగా ఉన్నది. తగ్గించండి."

పేరిందేవి గొంతు సవరించుకుంది.

"ఆయ్. అందరూ ఇనండి. ఆ రోజు నా కాలు బాగయ్యింది మూకుడు వల్ల కాదండి. డాక్టరుబాబు లోపలి పక్క ఏదో సడలించారు, ఈ బిళ్ళ సరిపోయిందంది. నా చెవుల్తో ఇన్నాను. నా మూకుడుకీ నా మోకాలికీ ఏ సంబంధమూ లేదండి. ఈ బిళ్ళకి మనసు తెల్దండి, కాలు తెల్సు. నాకు దండేశారని నోరు మూసుకున్నాను. ఏ బాధా లేని వీర్రాఘవులన్నయ్య మెట్లమీద జారుకుంటా దిగుతున్నాడు. ఈ పథకం ఉత్తదండి. ఇదేనండి నా భారం."

ఆపరేషను గదిలో నిబంధన ప్రకారం ఎవరూ అడ్డు చెప్పలేదు, ఖండించలేదు. నర్సు నవ్వాపుకోడానికి దూదికేసి చూసింది. మురారి ఇన్నాళ్ళూ మీసం దాటించలేని మాట ఇవాళ లౌడుస్పీకరెక్కింది. ఆయన తన కళ్ళు తుడవమని నర్సుకి సైగ చేసి, ఆవిడ తుడిచాక, లోపలి పక్క కొంచెం సడలించాడు.

"భారము సమానము. ధన్యవాదములు."

వరండాలో పరిశీలకులు చిదంబరంగారి కేసి తిరిగారు. గంగరత్నం మూకుడు గట్టిగా పట్టుకుంది. ఇవాళతో లౌడుస్పీకరు ఊడదీస్తారని అందరూ అనుకున్నారు. చిదంబరంగారు లేచి నిలబడ్డారు.

"చూశారా?" అన్నారాయన. "ఎంతటి భారం! పథకం మీదనే అపనమ్మకం! దానిని గుండెలో పెట్టుకుని ఆ తల్లి ఇన్నాళ్ళు కుంటింది. ప్రకటించిన మరుక్షణమే యంత్రం ఏమన్నది? సమానము! పథకాన్ని నమ్మనివారికి సైతం పథకం పనిచేస్తుందనడానికి ఇంతకన్న తిరుగులేని రుజువు ఎక్కడ దొరుకుతుంది?"

బృందం నాయకుడు కుర్చీలోంచి లేచి ఆయన చేతులు పట్టుకున్నాడు. రుజువు తిరుగులేనిదని బృందమంతా ఒప్పుకుంది. 'పథకం పట్ల అవిశ్వాసం' అనేది అత్యున్నత శ్రేణి భారంగా గుర్తించాలనీ, అది కలవారికి శస్త్రచికిత్సలో ప్రథమ ప్రాధాన్యం ఇవ్వాలనీ అక్కడికక్కడే నిర్ణయమైపోయింది.

పేరిందేవి మాఘమాసానికి ముందే రెండు కాళ్ళమీద నిలబడింది. ఇంటికి పంపేరోజున చిదంబరంగారు ఇంకో దండ తెచ్చారు.

"రెండు మాటలు చెప్పండమ్మా."

"చెప్పేవన్నీ చెప్పేశానండి" అంది పేరిందేవి. "ఇంక మోకాళ్ళు లేవు."

మురారి దగ్గరికెళ్ళి దణ్ణం పెట్టింది. ఆయన ఏదో గొణిగాడు. వినపడలేదు గానీ మీసాల చాటున నవ్వు మాత్రం కనపడింది. ఈ దండ కూడా బాగానే ఉంది గానీ, పేరిందేవి దాన్ని తీసి ఆయన మెళ్ళో వేసి వచ్చేసింది.

గేటు దగ్గర వీర్రాఘవులు కర్ర ఆనించుకుని ఎదురుచూస్తున్నాడు. ఆయన్ని పరిశీలక సంఘం మర్నాడు రమ్మని కబురు చేసింది. మనిషికి చెమటలు పడుతున్నాయి.

"చెల్లెమ్మా, ఏం చెప్పాలో తెలీడం లేదు. ఎలా చెప్పాలో నేర్పవా?"

"నేర్పడానికేం ఉందన్నయ్యా? నిజం చెప్పు. ఇదంతా ఉత్తదని చెప్పు."

"మరి ఆళ్ళు నమ్మకపోతే?"

"నమ్మరు" అంది పేరిందేవి, మూకుడు చంకన పెట్టుకుని నిటారుగా నడుస్తూ. "అందుకే నీ మోకాలు బాగవుద్ది."